వచ్చిన పని అయిపోలేదు

మాండలిన్ శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్ళు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, ఆయన ప్రస్తావన వచ్చిన చోటల్లా ఎవరో ఒకరు తల పంకించి ఒక మాట అంటూనే ఉన్నారు: "కారణజన్ముడండీ. వచ్చిన పని అయిపోయింది, వెళ్ళిపోయాడు." గాయని స్వర్ణలత ముప్పై ఏడేళ్ళకు పోయినప్పుడూ ఇదే మాట, సంగీత దర్శకుడు చక్రి నలభై ఏళ్ళకు పోయినప్పుడూ ఇదే మాట. చిన్న వయసులో పోయిన ప్రతి సంగీతకారుడి పార్థివదేహం దగ్గరా మనం పూలదండతో పాటు ఈ మాట కూడా పెట్టి వస్తాం.

ఈ మాట అబద్ధమనీ, వినడానికి ఎంత మెత్తగా ఉన్నా చేసే చెరుపు చాలా పెద్దదనీ నా వాదన.

శ్రీనివాస్ సంగతే ముందు చూద్దాం. పాలకొల్లులో క్లారినెట్ వాయించే సత్యనారాయణ గారి అబ్బాయి. ఆరేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న మాండలిన్ చేతిలోకి తీసుకున్నాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆ పిల్లవాడి చెయ్యి చూసి పాఠం మొదలుపెట్టారు. సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన గొంతుతో పాడేవారు, పిల్లవాడు విని తీగల మీద పలికించేవాడు. ఆ వాద్యంలో గాత్రం వినపడటానికి మూలం ఆ పాఠాలే. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. అప్పటికి తొమ్మిదేళ్ళు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, కర్ణాటక సంగీతం పేరే వినని శ్రోతలను కుర్చీల్లోంచి లేపాడు.

మాండలిన్ మన సంగీతానికి పుట్టిన వాద్యం కాదు. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం క్షణంలో ఆరిపోతుంది. తీగను మెట్టు మీద పక్కకు లాగి గమకం తీయబోతే జంటలోని రెండు తీగలూ ఒక్కలా లాగుడు కావాలి, ఏ ఒక్కటి తప్పినా అపశ్రుతి. శ్రీనివాస్ ఆ జంట తీగలను తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, విద్యుత్ మాండలిన్ చేపట్టారు. నాదం నిలబడింది, గమకం లొంగింది. ఒక్క మనిషి, ముప్పై చిల్లర ఏళ్ళు. ఆయనకు ముందు ఈ వాద్యానికి కచేరీ బాణీ లేదు.

మరి ఆ పని అయిపోయిందా? వయొలిన్‌ను చూడండి. బాలుస్వామి దీక్షితర్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చింది పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమానుకు ఆ నిండుదనం రావడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. ఒక వాద్యం పాతుకుపోవాలంటే తరాలు కావాలి, తొలి తరం గురువు ముసలితనం దాకా కూర్చుని పాఠం చెప్పాలి. నలభై అయిదేళ్ళకు విద్వాంసుడి పని పూర్తవుతుందన్న లెక్క మన సంగీతంలో ఎక్కడా లేదు. శెమ్మంగుడి తొంభై దాటాక కూడా పాడారు. బాలమురళీకృష్ణ గారిదీ బాలమేధావి కథే. విజయవాడలో ఎనిమిదేళ్ళకే కచేరీ చేసి, ఇరవై రెండేళ్ళకల్లా డెబ్భై రెండు మేళకర్తల్లో తన కృతులు అచ్చువేసిన మనిషి. 1975లో ఆయనకు నలభై అయిదు. ఆ ఏడు ఆయన పోయి ఉంటే ఇదే మాట ఆయన మీద కూడా కప్పేవాళ్ళం, అదీ నిజంలాగే వినపడేది. ఆయన మరో నలభై ఒక్కేళ్ళు ఉన్నారు, పాడారు, రాశారు, నేర్పారు.

ఇంకో సంగతి గమనించండి. శ్రీనివాస్ పని పూర్తయిందని 2014 జనవరిలో ఎవరన్నా అన్నారా? ఆయనతో మరుసటి ఏడాదికి కచేరీ మాట్లాడుకోవాలనుకున్న సభలు, "మీ పని అయిపోయింది కదా" అని వెనక్కి తగ్గాయా? ఎవరూ అనలేదు, ఎవరికీ తోచలేదు. మనిషి పోయాక మాత్రమే తెలిసే ఈ పూర్ణత్వాన్ని మనం ఆయన సంగీతంలో కనిపెట్టలేదు, చావు తారీఖు చూసి వెనక్కి లెక్క కట్టాం. కాలేయం చెడింది, మార్పిడి చేశారు, ఆ తరువాత వచ్చిన ఇబ్బందుల నుంచి ఆయన బయటపడలేదు. వైద్యం చేసినా వైద్యం గెలవని సందర్భం అది. దానికి జాతకం చాటు అక్కర్లేదు.

ఈ వాదానికి నేను చూపగలిగిన గట్టి జవాబు ఒక మనిషి జీవితమే. ఆయన హిందుస్తానీ గాయకుడు కుమార గంధర్వ.

1924లో బెళగావి దగ్గర సుళేభావిలో పుట్టిన శివపుత్ర కొమ్‌కళి. పదేళ్ళు నిండకముందే పెద్ద విద్వాంసుల రికార్డులు విని అచ్చు గుద్దినట్టు పాడేవాడు. కుమార గంధర్వ అన్న బిరుదే పేరయింది. 1936లో బొంబాయిలో దేవ్‌ధర్ గారు జరిపిన సంగీత సభలో ఆ పిల్లవాడు పాడితే మహామహులు ముక్కున వేలేసుకున్నారు. 1947లో పెళ్ళి. ఆ వెంటనే క్షయ అని తేలింది. అప్పట్లో మన దేశంలో ఆ రోగానికి మందు లేదు, పొడి గాలి, విశ్రాంతి, అదృష్టం తప్ప. మధ్య భారతంలోని దేవాస్‌కు మకాం మార్చారు. పాడకూడదన్నారు వైద్యులు. భార్య భానుమతి ఉద్యోగం చేసుకుంటూ ఆయనకు సేవ చేశారు. అయిదారేళ్ళు ఆయన మంచం మీదే ఉన్నారు.

ఇరవై మూడేళ్ళ బాలమేధావి క్షయతో మంచాన పడ్డాడు. ఇక్కడ కథ ముగిసి ఉంటే సంతాప వ్యాసం ఎలా ఉండేదో మనందరం కళ్ళు మూసుకుని రాసేయగలం. గంధర్వుడు శాపవశాన భూమి మీదికి వచ్చి శాపం తీరి వెళ్ళాడనే వాళ్ళం. పేరు కూడా అందుకు అతికినట్టు సరిపోయేది.

అలా జరగలేదు. 1943లో అమెరికాలో కనిపెట్టిన స్ట్రెప్టోమైసిన్ మన దేశానికి చేరింది. సూదిమందు పడింది. ఒక ఊపిరితిత్తి దాదాపు పనికిరాకుండా పోయినా మనిషి దక్కాడు. 1953 ప్రాంతాల్లో మళ్ళీ పాడటం మొదలుపెట్టారు. నిండు దమ్ము లేదు కాబట్టి చిన్న చిన్న విరుపులతో, ఒక్కో స్వరాన్ని బాణంలా వదిలే కొత్త గానం పుట్టింది. మంచం మీద పడుకుని కిటికీలోంచి విన్న మాళవ జానపదాల నుంచి కొత్త రాగాలు అల్లారు. నాథ యోగులు పాడుకునే నిర్గుణ భజనలను కచేరీ వేదిక ఎక్కించారు. కబీరును ఈ దేశం ఈ రోజు వింటున్న తీరులో ఆయన గొంతు ఉంది. తన బందిశ్‌లతో 'అనూప్ రాగ విలాస్' ప్రచురించారు. 1992 దాకా, అరవై ఏడేళ్ళు బతికారు. కుమార గంధర్వ అనగానే మనం ఈ రోజు తలుచుకునేదంతా రోగం తరువాతిది. ఆ మందు నాలుగైదేళ్ళు ఆలస్యమై ఉంటే ఇందులో ఒక్కటీ లేదు, లేదన్న సంగతి కూడా మనకు తెలిసేది కాదు.

ఆయన కంటే మూడేళ్ళు పెద్ద దత్తాత్రేయ విష్ణు పలుస్కర్. 'బైజూ బావ్రా' సినిమాలో ఉస్తాద్ అమీర్ ఖాన్‌తో పోటీ పడి పాడిన గొంతు. సాంస్కృతిక బృందంతో చైనా వెళ్ళి వచ్చిన ఏడాదే, 1955 అక్టోబర్‌లో, మెదడువాపుతో పోయారు. ముప్పై నాలుగేళ్ళు. ఈ ఇద్దరిలో ఒకరు కారణజన్ములనీ ఒకరు కాదనీ ఎవరు చెప్పగలరు? ఒకరి రోగానికి మందు దొరికింది, ఇంకొకరి రోగానికి దొరకలేదు. తేడా అంతే. ఈ తేడాను చూసి గుండె పగలాలి. విధి అని సరిపెట్టుకుంటే ఆ పగిలే అవకాశం కూడా పోతుంది.

యూరప్ కూడా ఒకప్పుడు ఇదే పాట పాడింది. క్షయ కళాకారుల రోగమనీ, దేహాన్ని కరిగించి ఆత్మను మెరిపిస్తుందనీ పందొమ్మిదో శతాబ్దం నిజంగానే నమ్మింది. పెర్గొలేసి ఇరవై ఆరుకు, షోపాన్ ముప్పై తొమ్మిదికి పోవడంలో ఏదో సౌందర్యం చూసుకుంది. 1882లో రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని పట్టి చూపించాక ఆ సౌందర్యం వెలవెలబోయింది. ఆ క్రిమికి కవి, కూలీ తేడా లేదు. ఈ రోజు ఆ రోగానికి మన సర్కారు ఆసుపత్రుల్లో మందులు ఉచితంగా ఇస్తున్నారు.

ఆ తరువాత వచ్చిన తరం ఇంకో కట్టుకథ అల్లింది. ఇరవై ఏడు అనే అంకె. రాక్ సంగీతకారులు బ్రయాన్ జోన్స్, జిమీ హెండ్రిక్స్, జానిస్ జోప్లిన్, జిమ్ మారిసన్ 1969 నుంచి 1971 మధ్య ఇరవై ఏడో ఏట పోయారు. 1994లో కర్ట్ కోబైన్, 2011లో ఏమీ వైన్‌హౌస్ కూడా అదే వయసులో పోయేసరికి అది శాపం అయింది, ఆపైన ఒక గౌరవ సంఘం అయింది. పుట్టిన తేదీకి గట్టి రుజువు లేని బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ను కూడా అందులో చేర్చారు. 2011 చివర బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కొందరు గణాంక శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షకు పెట్టారు. 1956 నుంచి 2007 దాకా బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన ఆల్బమ్‌ల సంగీతకారులు 1,046 మందిని తీసుకున్నారు. అందులో 71 మంది పోయారు. ఇరవై ఏడు దగ్గర ఏ పెరుగుదలా లేదు. ఇరవై అయిదు, ముప్పై రెండు ఏళ్ళ దగ్గర కూడా దాదాపు అదే రేటు. కానీ అదే వ్యాసం ఇంకో సంగతి చెప్పింది, దాన్ని ఎవరూ తలకెత్తుకోలేదు: ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న ఈ సంగీతకారులు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. అంటే ప్రమాదం అంకెలో లేదు, వృత్తిలో ఉంది. అంకె మీద వ్యామోహంతో వృత్తి వైపు చూడటం మానేశాం.

హెండ్రిక్స్ న్యూయార్క్‌లో సొంత స్టూడియో కట్టించుకుని, 1970 ఆగస్టు 26న తెరిచాడు. సెప్టెంబర్ 18న లండన్‌లో నిద్రమాత్రల మత్తులో, కక్కిన వాంతి శ్వాసకు అడ్డుపడి చనిపోయాడు. మూడు వారాల కింద స్టూడియో తెరిచిన మనిషి పని ముగించుకుని వెళ్ళాడని అనడానికి నోరెలా వస్తుంది?

మద్యం, మత్తు సంగతి వచ్చింది కాబట్టి, ఈ వాదానికి ఉన్న అతి నీచమైన రూపం గురించి కూడా చెప్పాలి. ఆ మత్తు లేకపోతే ఆ కళ లేదట. హిందీ సినిమా గాయకుడు సైగల్ గురించి మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకునేది ఇదే: తాగితేనే ఆ గొంతులో ఆ తడి. 1947లో నలభై రెండేళ్ళకు ఆయన్ని పొట్టన పెట్టుకున్నది ఆ తాగుడే. సంగీత దర్శకుడు నౌషాద్ 'షాజహాన్' సినిమాకు ఆయనతో పాడించినప్పటి సంగతి తరువాత ఎన్నోసార్లు చెప్పారు. తాగకుండా ఒకసారి, తాగి ఒకసారి ఒకే పాటను రికార్డు చేసి, రెండూ ఆయనకే వినిపించారట. సైగల్ మెచ్చుకున్నది తాగకుండా పాడినదాన్నే. అది 1946. ఆ ప్రయోగం చేసేవాళ్ళు పదేళ్ళ ముందు ఎందుకు లేకపోయారు? ఎందుకంటే అందరూ ఆ కథను నమ్మారు, ఆయన చేత కూడా నమ్మించారు. జాజ్ లోకంలో జాన్ కోల్ట్రేన్ 1957లో హెరాయిన్ వదిలేశాడు. అతని పేరు నిలబెట్టిన 'ఎ లవ్ సుప్రీమ్' రికార్డయింది 1964 డిసెంబర్‌లో. మత్తు ఇచ్చింది కాదు అది, మత్తు వదిలాక వచ్చింది.

2011 జూన్ 18న బెల్‌గ్రేడ్‌లో ఏమీ వైన్‌హౌస్‌ను వేదిక మీద నిలబెట్టారు. ఆమెకు తన పాటల మాటలే గుర్తు రావడం లేదు, నిలబడటం కష్టంగా ఉంది. జనం వెక్కిరించారు, అరిచారు. అక్కడితో ఆ పర్యటన రద్దయింది. జూలై 23న లండన్‌లోని తన ఇంట్లో చనిపోయింది. రక్తంలో మద్యం వంద మిల్లీలీటర్లకు 416 మిల్లీగ్రాములు. అక్కడ బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 80. వ్యసనంతో నలుగుతున్న అమ్మాయిని వేలమంది ముందుకు ఎవరు పంపారు, టికెట్ల డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, ఆ పూట ఆపే అధికారం ఎవరికుంది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. అవి అడిగే లోపే ఇరవై ఏడో అంకె వచ్చి అందరినీ ఇంటికి పంపించేసింది.

మరణం దగ్గర పడటం తెలిసే మహాకళాకారుడు తొందర తొందరగా తన పని చుట్టేస్తాడన్న వాదం కూడా ఉంది. దీనికి ఎప్పుడూ షూబర్ట్‌ను చూపిస్తారు. 1828 నవంబర్ 19న వియన్నాలో ముప్పై ఒకటో ఏట పోయాడు. చివరి ఏడాదిలో అద్భుతాలు రాశాడు, నిజమే. కానీ ఆ నవంబర్ 4న అతను ఏం చేశాడో చూడండి. సైమన్ జెక్టర్ అనే ఉపాధ్యాయుడి దగ్గరికి కౌంటర్‌పాయింట్ పాఠానికి వెళ్ళాడు. స్వరాల మీద స్వరాలు అల్లే ఆ విద్యలో తనకింకా రానిది ఉందనుకుని, చిన్న పిల్లవాడిలా అభ్యాసాలు రాసుకున్నాడు. పదిహేను రోజుల్లో పోతానని తెలిసినవాడు కొత్త గురువు దగ్గర చేరడు. అతను ఇంకో ముప్పై ఏళ్ళకు సిద్ధమవుతున్నాడు. జ్వరం వచ్చి తీసుకుపోయింది. బీథోవెన్ సరిగ్గా షూబర్ట్ వయసుకే పోయి ఉంటే అది 1802 శరత్తు. చెవుడు ముదురుతోందని కుమిలిపోతూ తమ్ముళ్ళకు ఉత్తరం రాసిపెట్టుకున్న రోజులవి. మూడో సింఫనీ నుంచి తొమ్మిదో సింఫనీ దాకా ఒక్కటీ ఉండేది కాదు. అప్పుడు కూడా లోకం రెండు సింఫనీలను చూసి "సంపూర్ణ జీవితం" అనేది.

పోయినవాళ్ళ కుటుంబానికి ఈ మాట ఓదార్పు కదా, దాన్ని ఎందుకు లాక్కోవడం అని అడుగుతారు. కన్నవాళ్ళు, తోబుట్టువులు దేన్ని పట్టుకుని నిలబడతారో అది వాళ్ళ హక్కు, అక్కడ నాకు వాదన లేదు. నేను వాదించేది రాసేవాళ్ళతో, మైకు ముందు నిలబడేవాళ్ళతో. మనం ఎలా మాట్లాడతామన్న దాని మీద ప్రాణాలు ఆధారపడతాయి. కోబైన్ 1994 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నప్పుడు సియాటిల్‌లో అభిమానులైన కుర్రవాళ్ళు అదే దారి పడతారని అందరూ భయపడ్డారు. అక్కడి పత్రికలు, సహాయ కేంద్రాలు జాగ్రత్తపడ్డాయి. అతని సంగీతాన్ని గొప్పగా చెబుతూనే ఆ చావును గొప్ప చేయలేదు; కష్టంలో ఉంటే ఫోన్ చేయమని నంబర్లు ఇచ్చాయి. తరువాత పరిశోధకులు చూస్తే ఆ ఊళ్ళో ఆత్మహత్యలు పెరగలేదు, సహాయ కేంద్రాలకు ఫోన్లు మాత్రం పెరిగాయి. మెత్తని మాటల కంటే నిజం చెప్పడమే అక్కడ ఎక్కువ దయ చూపింది.

చివరగా, ఈ వాదాన్ని నేను అసలు ఎందుకు క్షమించలేనో చెబుతాను. 1959 ఫిబ్రవరి 3న అయోవాలో విమానం కూలి రాక్ అండ్ రోల్ గాయకుడు బడీ హోలీ పోయాడు. ఇరవై రెండేళ్ళు. పక్కనే పదిహేడేళ్ళ రిచీ వాలెన్స్. ఆ రోజు చుట్టూ అమెరికా పెద్ద పురాణమే అల్లుకుంది. ఆ పురాణం కింద ఉన్నదేమిటి? నడి శీతాకాలంలో, ఊరి మీద ఊరు, అడ్డదిడ్డంగా వేసిన పర్యటన. హీటరు పనిచేయని బస్సు. ఆ చలికి డ్రమ్స్ వాయించే కుర్రవాడి పాదాలు గడ్డకట్టి ఆసుపత్రిలో చేర్చారు. మరో రాత్రి ఆ బస్సులో ప్రయాణం చేయలేక, కచేరీ అవగానే హోలీ చిన్న విమానం మాట్లాడుకున్నాడు. దాన్ని నడిపిన కుర్రవాడికి ఇరవై ఒక్కేళ్ళు, పరికరాలు మాత్రమే చూసి విమానం నడపడానికి కావాల్సిన అర్హత లేదు, బయట మంచు. 1986లో మెటాలికా బృందం బాస్ గిటారిస్టు క్లిఫ్ బర్టన్ స్వీడన్‌లో పోయింది కూడా కచేరీ ముగించుకుని రాత్రంతా బస్సులో వెళ్తూ, బస్సు బోల్తా పడి. ఇరవై నాలుగేళ్ళు.

మన జిల్లాల్లో వినాయక చవితి నుంచి దసరా దాకా, మళ్ళీ తీర్థాల రోజుల్లో, ఆర్కెస్ట్రా వాళ్ళూ బ్యాండు మేళం వాళ్ళూ డప్పు కళాకారులూ ఇలాగే తిరుగుతారు. రాత్రి రెండింటికి ప్రోగ్రాం ముగుస్తుంది. స్పీకర్లు, కీబోర్డు వ్యాన్‌లో ఎక్కించి, మిగిలిన జాగాలో మనుషులు సర్దుకుంటారు. పొద్దున్న ఇంకో ఊళ్ళో పెళ్ళి ఒప్పుకుని ఉంటారు. డ్రైవరు కూడా రాత్రంతా మేలుకున్నవాడే. అలిసిన ఒళ్ళు నిలబడటానికి కాస్త మందు. ఏళ్ళ తరబడి ఇదే బతుకు. వీళ్ళలో ఒకడు నలభై ఏళ్ళకు కాలేయం చెడి పోయినా, రోడ్డు మీద పోయినా ఎవరూ కారణజన్ముడు అనరు. పేరున్న గాయకుడు అదే కారణంతో పోతే అది విధి, వీడు పోతే స్వయంకృతం. రెండు చోట్లా ఎవరినీ ఏమీ అడగనక్కర్లేదు.

అడగాల్సింది చాలా ఉంది. ఆర్కెస్ట్రా మాట్లాడుకునే కమిటీలు ఆ రాత్రికి పడుకోవడానికి ఒక గది ఇవ్వాలి, తెల్లారే దాకా వ్యాన్ తీయనివ్వకూడదు. ఒప్పందంలో పారితోషికం పక్కనే ప్రమాద బీమా రాయాలి. సన్మానాలు చేసే సభలు శాలువా డబ్బుతో ఏడాదికోసారి కళాకారులకు రక్తపరీక్షలు చేయించవచ్చు, అందులో కాలేయం పరీక్ష కూడా కలిపి. ఇవన్నీ వచ్చే సీజన్‌కే చేయగలిగిన పనులు.